తరువాతి వాక్యం

"చెవి చూపించు, ముసలాడా!"

చర్చి గుమ్మంలో భటుడు బెత్తం అడ్డం పెట్టాడు. విటాలె తల వంచాడు. భటుడు గోటితో గెలికి ఒక చెవిలోంచి మైనం ఉండ తీశాడు. రెండో చెవిలోంచి ఇంకోటి తీశాడు. వెనక నిలబడ్డ ఆయన కూతురు పెర్నా నాలిక కరుచుకుంది.

"బోధ వినమని పిలిస్తే చెవులు మూసుకుని వస్తావా? పో, ముందు బల్ల మీద కూర్చో. నీకు బాగా వినబడాలి!"

శనివారం యూదులకు సబ్బాతు, ఏ పనీ చెయ్యకూడని రోజు. ఆ రోజు మైనం పిసకడం కూడా పనికిందే లెక్క. అందుకే పెర్నా నిన్న పొద్దుగూకకముందే ఆ ఉండలు చేసి పెట్టింది. పేటలో సగం మంది చెవుల్లో అవే ఉన్నాయి. వాళ్లందరూ దర్జాగా లోపలికి వెళ్లిపోయారు. దొరికింది మాత్రం ఈయనొక్కడే. ఆమె తెలివంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

రోములోని యూదుల పేటవాళ్లు శనివారం మధ్యాహ్నం వంతులవారీగా ఈ చర్చికి వచ్చి బోధ వినాలని హుకుం. వింటే చాలు, ఒప్పుకోనక్కర్లేదు. నోరెత్తితే మాత్రం బయట చౌకులో ఇరవై కొరడా దెబ్బలు. డెబ్బై రెండేళ్ల ఒంటికి ఇరవై దాకా అక్కర్లేదు, అయిదు చాలు.

"నాన్నా, నోరు తెరవనని మాటిచ్చావు. గుర్తుందిగా?" పెర్నా ఆయన చెయ్యి పట్టుకుని గుసగుసలాడింది.

"ఉందే తల్లీ. పొద్దున్నించీ ఎన్నిసార్లు ఇవ్వను?"

"వాళ్లేం చదివినా సరే."

"తప్పు చదివినా?"

"తప్పు చదివినా!"

"సగం చదివి సగం మింగేసినా?"

"నాన్నా!"

"సరేలే. నోరు తెరవను. అన్నానుగా."

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. యాభై ఏళ్లు పేట పిల్లలకు లేఖనాలు చదవడం నేర్పినవాడు ఆయన. పిల్లవాడు ఒక్క వాక్యం దాటేసినా ఊరుకునేవాడు కాదు. పులుసులో ఉప్పు తగ్గినా, పద్యంలో పాదం తగ్గినా ఆయనకు ఒకటే బాధ.

ఆడవాళ్లు అటుపక్క కూర్చోవాలి. పెర్నా తండ్రి ముఖం కనబడే చోటు వెతుక్కుని కూలబడింది. పక్కనే పొరుగింటి రిక్కా సర్దుకుని కూర్చుంది.

"కొత్త బోధకుడటే పెర్నా. పొరుగూరినుంచి పిలిపించారట. మన హీబ్రూ మన రబ్బీ గురువులకన్నా బాగా వచ్చట."

"అంటే మనవాడేనంటావా?"

"ఒకప్పుడు అయ్యుంటాడు, మతం మారకముందు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. ఇవాళ దీపాలు పెట్టేదాకా వదలడు చూడు."

బోధకుడు మెట్లెక్కి నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. తెల్లటి అంగీ, నడినెత్తిన గుండు. కింద గుమస్తా ఒకడు ఆయన నోట్లోంచి ఊడిపడే ప్రతి మాటా రాసుకుంటున్నాడు. బోధకుడు ప్రవక్తల గ్రంథం తెరిచి, ఒక వాక్యం హీబ్రూలో చదివి ఆగాడు.

"ఇది మీ ప్రవక్త మాట, నాది కాదు. కన్య కొడుకును కంటుందని మీ పుస్తకమే చెబుతోంది. ఏడువందల ఏళ్ల తరువాత పుట్టిన ఆ కొడుకెవరో కళ్లున్నవాడికి తెలియదా?"

పెర్నా తల పట్టుకుంది. అయిపోయింది! అన్నీ వదిలి ఈ వాక్యమే దొరికిందా ఈయనకు? ఈ పాఠం ఆమె గోడవతల నుంచి వెయ్యిసార్లు విన్నది. ఇద్దరు శత్రురాజులు మీదికి వస్తున్నారని ఆహాజు రాజు గడగడలాడుతుంటే, ధైర్యం చెప్పడానికి ప్రవక్త అన్న మాట అది. ఆ పిల్లవాడికి మంచీ చెడూ తెలిసేలోగానే ఆ ఇద్దరి దేశాలూ పాడుబడతాయని ఆ వెంటే ఉంది. "వణికేవాడికి ఏడువందల ఏళ్ల తరువాత సాయమా?" అనేవాడు నాన్న. "ఇల్లు కాలుతుంటే బావి తవ్వమన్నట్టు!"

విటాలె చెవులు ఎర్రబడ్డాయి. పెదవులు మాత్రం కుట్టేసినట్టు బిగిసి ఉన్నాయి. పెర్నా కన్నార్పకుండా ఆ పెదవులనే చూస్తోంది. ఒక్క గంట, దేవుడా, ఈ ఒక్క గంట గడిపించు.

"జవాబుందా మీ దగ్గర?" బోధకుడు గొంతు పెంచాడు. అదే వాక్యం ఇంకోసారి చదివి, సరిగ్గా అక్కడే ఆగాడు.

టక్. టక్.

విటాలె మెటిక బల్ల మీద రెండుసార్లు మోగింది. పిల్లవాడు వాక్యం దాటేస్తే యాభై ఏళ్లుగా మోగిన మోతే. నోటి మీద ఒట్టు వేయించుకున్న పెర్నాకు చేతి సంగతి గుర్తేరాలేదు.

భటుడు గిరుక్కున తిరిగి బెత్తం ఎత్తాడు. పెర్నా కళ్లు గట్టిగా మూసుకుంది.

దెబ్బ పడలేదు. బోధకుడి గొంతే వినబడింది. కానీ ఇందాకటి గొంతు కాదది. సన్నగా, నాన్న బళ్లో పిల్లలు చదివే రాగంలో సాగుతోంది. ఆమె కళ్లు తెరిచింది. బోధకుడు పుస్తకం మీద వేలు పెట్టి ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. ఇందాక ఆపిన చోటినుంచి, ఆ కొడుకు పెరుగూ తేనే తింటాడన్న తరువాతి వాక్యం మొదలుకుని ఒక్క మాట వదలకుండా చదువుకుపోతున్నాడు. మగవాళ్లు ఒక్కొక్కరే చెవుల్లోంచి మైనం తీసేసుకుంటున్నారు. హీబ్రూ రాని భటుడు, ఇదీ బోధే కాబోలనుకుని బెత్తం దించాడు. గుమస్తా కలం ఆగిపోయింది.

ఇద్దరు రాజుల దేశాలూ పాడుబడేదాకా చదివి, బోధకుడు పుస్తకంలోంచి తలెత్తకుండానే అడిగాడు.

"ఇప్పుడు సరిపోయిందా, గురువుగారూ?"