దున్న బొమ్మ పుస్తకం

సంచిలో అడుగున రెండు లుంగీలు పెట్టాను. పైన తువ్వాల, ఆ పైన మా ఆడబిడ్డ బాలవ్వకు ఇవ్వాల్సిన చీర.

అన్నిటికంటే పైన మా ఆయన తన పుస్తకం పెట్టుకున్నాడు.

ఆయన స్నానానికి వెళ్ళగానే దాన్ని తీసి బియ్యం డబ్బాలో దాచాను.

ఊరెళ్ళే మనిషి సంచిలోంచి ఒక వస్తువు ఇంట్లో ఆపుకుంటే, దానికోసమైనా వెనక్కి వస్తాడని నా నమ్మకం.

మా తమ్ముడు భీవండి వెళ్ళిన రోజు నేనేమీ ఆపలేదు. వాడు మళ్ళీ రాలేదు.

ఆ పుస్తకం మేముండే పాండేసరలో పాత కాగితాల బండి మీద దొరికింది. అట్ట మీద నల్లటి తల, రెండు కొమ్ములు.

"ఇదెవరి దున్ననయ్యా?" అని అడిగాను, తెచ్చిన రోజు.

"ఇంకెవలది? యమునిది. నవలనే ఇది. మస్తు నవ్వొస్తది."

నాకు అక్షరం రాదు. మా బిడ్డ నీరజ గుజరాతీ బడిలో చదివింది. ఇంట్లో తెలుగు చదివేది ఆయనొక్కడే.

ఆదివారం మధ్యాహ్నం మగ్గాలు ఆగేవి. చెవుల్లో హోరు తగ్గాక, గోడకు ఆనుకుని చదివి వినిపించేవాడు.

బక్కయ్య అనే నేతపనివాడు మగ్గం దగ్గరే చచ్చిపోతాడు. ముడి వేయాల్సిన పోగు చేతిలో అలాగే ఉంటుంది. తీసుకుపోదామని యముడు వస్తాడు గానీ, దున్నకు కాలు కుంటి. ఇద్దరూ నడిచే పోతారు. దారి పొడుగునా యముడికి ఒకటే కాళ్ళ నొప్పులు.

పుస్తకంలో నాలుగు గదుల పటం ఒకటుంది. అది యమలోకం అన్నాడు.

"గీ మూల అర్ర సూడు. సేట్లందరు గిండ్లనే. పంఖా గూడ ఉండది."

"మరి మనం?"

"పాండేసరల ఇన్నేండ్లు ఉన్నోళ్ళకు మళ్ళ నరకమెందుకే? మనల సీదా లోపటికి పంపుతరు."

చిత్రగుప్తుడు బక్కయ్యను "ఆధార్ లావ్" అంటాడు. "సేటు కాడనే ఉండిపాయె సారూ" అంటాడు బక్కయ్య. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

చివరగా చదివిన ఆదివారం, బక్కయ్య యముణ్ణి నాలుగు రోజులు సెలవు అడిగాడు.

"ఇంటిదానికి సెప్పి రాలేదు సారూ. గంతే. సెప్పొస్త."

"యముడేమన్నడు?" అన్నాను.

"వచ్చే ఐతారం," అని పుస్తకం మూశాడు.

రెండు రోజులకే, బాలవ్వ జారిపడి కాలు విరిగిందని ఊరినుంచి ఫోను. బుధవారం పొద్దున ఆయన సంచి భుజాన వేసుకున్నాడు.

సాయంత్రం దారిలో భుసావల్ స్టేషను నుంచి మాట్లాడాడు.

"బుక్కేదే? సంచంత దులిపిన."

"ఇంట్లనే ఉంది. ఐతారం వచ్చి సదువు."

"అరె, రైల్ల జర సూసుకుందామనుకున్న గదనే. గది సూడకుంటే ముందట ఏమైతదో నాకెట్ల ఎర్క?"

"నాకు గూడ ఎర్క లేదు. జల్ది రా."

ఆయన నవ్వాడు. రైలు కూత వినిపించింది.

ఆ తర్వాత ఆయన నుంచి ఫోనూ లేదు, కబురూ లేదు. పుస్తకం బియ్యం డబ్బాలోనే ఉండిపోయింది.

"తెలుగొచ్చినోళ్ళు గింతమంది ఉన్నరు, ఎవలతోనన్న సదివిపిచ్చుకోరాదే," అనేది నీరజ.

ఇంకొకరి గొంతుతో ఆ కథ నాకొద్దు.

నీరజ ఫోనులో అక్షరాల వీడియోలు పెట్టి ఇచ్చింది. కూలికి చీరలకు అంటించగా మిగిలిన మెరుపు రాళ్ళతో నేల మీద అ, ఆ పేర్చాను. గుణింతాలకే ఏడాది పట్టింది. ఒత్తులు ఏడిపించాయి.

"అమ్మా, బస్ కర్. కండ్లు పోతయి."

పోతే పోనీ. బక్కయ్య సంగతి తేలాలి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం డబ్బా తెరిచాను.

అట్ట మీద పెద్ద అక్షరాలు. వేలు పెట్టి కూడబలుక్కున్నాను.

పాడి పశువుల పెంపకం.

తప్పు చదివాననుకున్నాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను.

మొదటి పేజీలో గడ్డి గురించి ఉంది. తర్వాత కుడితి గురించి. కుంటి దున్న బొమ్మ కింద 'గాలికుంటు వ్యాధి' అని ఉంది. నాలుగు గదుల పటం కింద 'గేదె పొట్ట' అని ఉంది.

యముడు లేడు. చిత్రగుప్తుడు లేడు.

పేజీలు అతుక్కుపోయాయేమోనని ఒక్కొక్కటీ విడదీశాను.

బక్కయ్య ఎక్కడా లేడు.

బయటికెళ్ళిన నీరజకు ఫోన్ చేశాను.

"బిడ్డా, మీ బాపుకు సదువొచ్చునా?"

"గిప్పుడెందుకే గది?"

"సెప్పు."

"నా బడి కాయితాల మీద ఎప్పుడు ఏలిముద్రనే ఏసేటోడు. గుజరాతీ రాకనేమో అనుకున్న. అమ్మా? ఏమైందే?"

నేను ఫోను పెట్టేశాను.

ఆయన బొమ్మలున్న పేజీల దగ్గరే ఆగేవాడు.

బక్కయ్యకు సెలవు దొరికిందా లేదా అన్నది ఆ బియ్యం డబ్బాలో ఏనాడూ లేదు.

పుస్తకం చివర రెండు పేజీలు ఖాళీ. పైన 'రైతు రాసుకోవలసినవి' అని ఉంది. కింద గీతలు.

ఆయన పేరు నేను ఎన్నడూ నోటితో పలకలేదు.

పెన్సిలు తెచ్చుకుని, మొదటి గీత మీద రాశాను.

సదానందం నాలుగు రోజుల సెలవు మీద ఊరెళ్ళాడు. 2019 ఆగస్టు 11, ఆదివారం రావాలి. రాలేదు.