ఎవరి పేరు మీద?

"మా అన్న ఇంత పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదు," అంటూ భర్త కొత్త వెబ్‌సైట్ పేరు కొట్టి చూశాడు. "ఇది ఖాళీగానే ఉంది. రిజిస్టర్ చేసేద్దాం."

భార్య కుట్టే గుడ్డబొమ్మల వెబ్‌సైట్ పేరును బావగారు తన పేరు మీద రాయించుకున్నారని వేరుపడ్డాకే తెలిసింది. ఇప్పుడక్కడ ఆయన ఫ్యాక్టరీ బొమ్మలు అమ్ముతున్నారు. కొన్నవాళ్లేమో అవి ఆమె కుట్టినవే అనుకుని ఆమెకు ఫోన్ చేసి తిడుతున్నారు.

"అడిగితే ఏమన్నారు?"

"ఎవరి పేరు మీదుంటే వాళ్లదేనట! సిగ్గులేని మనిషి!"

తిట్టుకుంటూనే అతను వివరాలు నింపాడు. యజమాని అన్నచోట తన పేరు కొట్టాడు.

ఆమె చేతిలో సూది ఆగింది.

"ఏమండీ, బొమ్మలు ఎవరు కుడుతున్నారు?"

"నువ్వే. అదేం ప్రశ్న?" అని తెర వైపు చూసి తడబడ్డాడు. "అలవాటులో కొట్టేశానే. మనలో మనకు తేడా ఏముంది?"

"వెబ్‌సైట్ పేరు తానే రిజిస్టర్ చేయిస్తానన్న రోజు బావగారూ ఇదే మాటన్నారు."

ఆమె కీబోర్డు తన వైపు లాక్కుని అతని పేరు చెరిపేసింది. కోపంతో లేచి వెళ్లిపోతాడనుకుంది. వెళ్లలేదు. కానీ ఆమె తన పేరు కొడుతున్నంతసేపూ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.