పప్పులో నీళ్లు

"పప్పు పల్చగైందేంది సారక్కా?" అని మెస్సుకు కొత్తగా వచ్చిన వినోద్ అడిగిన రోజు నుంచి సారక్కకు నిద్ర లేదు.

పరాయి రాష్ట్రంలోని ఈ గోడాదరాలో ఆమె మెస్సుకున్న పేరంతా ఆ పప్పుదే. మగ్గాల షిఫ్టు విడవగానే సిరిసిల్ల వైపు నుంచి వలసొచ్చిన మనుషులంతా గుమ్మం ముందు బారులు తీరతారు. లోపల కూర్చోవడానికి వాళ్లకు చోటుండదు, కూర్చోవడానికి సారక్కకు తీరికుండదు. కాళ్లు పీక్కుపోతాయి. అయినా ఎవరో ఒకరు పళ్లెం ఊడ్చి తిని, "ఇంటికి పోయొచ్చినట్టున్నదక్కా" అంటే చాలు, ఆ నొప్పి మరిచిపోతుంది.

రొట్టెలు ఎవరైనా కాల్చవచ్చు, కూరలు ఎవరైనా తరగవచ్చు. ఉప్పు మాత్రం సారక్కే వేయాలి. అక్కడ ఇంకో చెయ్యి పడనివ్వదు.

అయితే చలికాలంలో జ్వరపడి లేచి చూసేసరికి లోకమంతా కల్తీ అయిపోయింది. చాయ్‌లో ఎంత చక్కెర వేసినా చప్పగానే ఉంటోంది. ఉప్పు ప్యాకెట్లలో కూడా మునుపటి పస లేదు. కిరాణా షాపువాడితో రోజూ తగువే. "అందరు దొంగలే" అని తిట్టుకుంటూ ఇంకో పిడికెడు వేస్తుంది.

మంగను మాత్రం ఆ దొంగల్లో కలపలేదు. మొగుడు వదిలేస్తే ఊరి నుంచి వచ్చిన మంగకు వంటింట్లో పనిచ్చింది, సొంత చెల్లెలిలా చూసుకుంది. కానీ ఎదురుగా కొత్త హోటల్ పెట్టిన ఉమాకాంత్‌తో ఆ మంగే గుసగుసలాడటం మొన్న కళ్లారా చూసింది.

అందుకే ఆ రోజు పప్పులో ఉప్పు వేసి, గల్లా దగ్గరికి పోయినట్టే పోయి, బియ్యం బస్తాల వెనక నక్కింది.

మంగ అటూ ఇటూ చూసింది. చెంబు ముంచి పప్పులో నీళ్లు పోసింది. కలిపి, అరచేతిలో చుక్క వేసుకుని నాకింది. మళ్లీ పోసింది.

సారక్క బస్తాల వెనక నుంచి లేచింది. "ఉమాకాంత్ నేర్పిండానే గీ పని?"

మంగ ఉలిక్కిపడింది. "ఆయన రమ్మన్నడక్కా. నేను పోనన్న."

"మరి నీళ్లెందుకు పోసినవ్?"

మంగ నోరు తెరిచింది. సారక్క ముఖంలోకి చూసి, చెంబు పక్కన పెట్టింది.

"అన్నం పెట్టినదాని నోట్లె మన్ను గొడ్తవా? నడువ్! మల్ల నా గడప తొక్కకు."

మంగ కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ఎదురు హోటల్లోకే దూరుతుందని సారక్క గుమ్మంలో నిలబడి చూసింది. మంగ అటు తల కూడా తిప్పలేదు. నాటకాలు, అనుకుంది సారక్క. ఇన్నేళ్లూ పక్కలో బల్లెం పెట్టుకుని బతికానే అని ఏడుపొచ్చింది.

మర్నాడు పప్పు గరిట నిలబడేంత చిక్కగా వండింది. తన చేత్తోనే ఉప్పు వేసింది. రుచి చూసి ఇంకాస్త వేసింది. ఇప్పుడు చెప్పమను, పల్చగైందని!

షిఫ్టు విడిచింది. బారులో ముందున్నవాళ్లు లోపలికొచ్చి కూర్చున్నారు.

మొదటి ముద్దకే చేతులు ఆగిపోయాయి. ఒకతను గబగబా నీళ్లు తాగాడు. వినోద్ పళ్లెం పక్కకు జరిపి ఎదురు హోటల్ వైపు నడిచాడు. అతని వెనకే ఇంకొందరు లేచారు.

సారక్క కంగారుగా పప్పు మరోసారి నాలుకకు రాసుకుంది. బాగానే ఉంది. ఆ మంగ వీళ్లకు కూడా ఏమైనా నూరిపోసిందా?

"ఏమైంది లస్మన్నా? నువ్వన్న చెప్పు."

మెస్సు తెరిచిన నాటి నుంచి అక్కడే తింటున్న లస్మయ్య ముద్ద మింగలేక మింగాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"జ్వరమొచ్చి నీ నాలికకు రుచి పోయినకాన్నుంచి, నువ్వేసే ఉప్పుకు రోజు నీళ్లు గొట్టి మాతోని తినిపిచ్చేది మంగనే గద సారక్కా, ఇయ్యాల రాలేదా?"