చర్చి మలుపు

నా భార్య హైడ్రున్ పోయిన రోజు నేను మందులు తీసుకుని నాలుగింటికి ఇంటికి వచ్చాను. నిద్రపోతోందేమోనని కింద కూర్చుని కాఫీ తాగాను. మేడ మీదికి వెళ్లేసరికి ప్రాణం పోయింది.

నా స్పోర్ట్స్ కారుకు రేసు బ్రేకు ప్యాడ్లు ఉండేవి. నూర్‌బుర్గ్ రేసు ట్రాకు మీద బాగా పట్టేవి. ఊళ్లోకి వస్తే కీచుమనేవి. "చర్చి మలుపులో పందిని కోస్తున్నారు, మా ఆయన దిగబడ్డట్టే" అని ఇరవై ఏళ్లు వెక్కిరించింది.

జబ్బు ముదిరాక ఆమె నిద్ర చెడకూడదని చప్పుడు చేయని ప్యాడ్లు వేశాను. ఆమెకు చెప్పలేదు.

నిన్న, ఆమెను చూసుకున్న నర్సు కలిసింది. "ఆ రోజు కారు తలుపు చప్పుడైంది, వచ్చారమ్మా అన్నానండీ. 'ఊరుకో, ఆయనొస్తే ఊరంతా తెలుస్తుంది. ఇంకాసేపు చూస్తా' అన్నారు. కళ్లు మూసుకుంటే నిద్రనుకున్నాను."

హైడ్రున్ ఇప్పుడు ఆ చర్చి వెనక సమాధిలోనే ఉంది. రేపు ఆదివారం. ఆదివారం మా ఊళ్లో చప్పుడు చేయకూడదని గడ్డి కోసే యంత్రం కూడా బయటికి తీయరు.

ఆ రేసు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడే గట్టిగా అరుస్తాయి. రేపు తెల్లవారగానే పాతవి బిగించి, చర్చి మలుపులో బ్రేకు తొక్కుతాను.