డ్రైవరు తలుపు

"ఆగిన రైలుకి తలుపులు తియ్యరా?" మెన్నా టీకప్పు ఠక్కున బల్లమీద పెట్టింది.

కొత్త ప్రైవేటు రైలు కంపెనీ ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "మా లండన్ రైలు మీ ఊళ్ళో డ్రైవరు మారడానికే ఆగుతుందండీ. ఇక్కడ జనాన్ని ఎక్కించుకుంటే ఈ లైన్లో ముందునుంచీ రైళ్ళు నడుపుతున్న పాత కంపెనీ రాబడికి గండి పడుతుంది. ఇక్కడ ఎవర్నీ ఎక్కించుకోబోమన్న షరతు మీదే పైవాళ్ళని అనుమతి అడుగుతున్నాం."

"ఆ ముక్క దాచి, రైలొస్తోందని నాచేత ఊరంతా చాటిస్తారా? సిగ్గులేదూ! రెండు బస్సులు మారి ఆస్పత్రికి పోయే ముసలమ్మలకి నేనేం చెప్పను?"

"మీ తమ్ముడికి మొదట్లోనే చెప్పాంగా!"

మెన్నా పక్కకి తిరిగింది. రైలొస్తోందని చెబుతూ తనతోపాటు ఇల్లిల్లూ తిరిగిన తమ్ముడు ఎమ్లిన్ తలెత్తలేదు.

"నీకెందుకు చెప్పార్రా?"

"డ్రైవరుగా తీసుకుంటామన్నారక్కా. డ్యూటీ దిగేది ఇక్కడే... ఇంటి దగ్గరే..."

"ఓహో! అయితే తలుపు తీస్తారన్నమాట," అంది మెన్నా. "నీ ఒక్కడికి."