బేగి రా

ఇలా దగ్గరకు జరుగు తల్లీ, ఇది గట్టిగా చెప్పే మాట కాదు. విశాఖ పాత ఊళ్లో జనాన్ని నడిపించి పాత కట్టడాలు చూపించే మహేశ్వరి అని ఒక పిల్ల ఉండేది. చేపల వేటకు పోయేవాళ్ల బిడ్డ. వాళ్లింట్లో "ఎల్లొత్తాను" అనకుండా ఎవరూ గడప దాటరు, ఇంట్లోవాళ్లు త్వరగా రమ్మని "బేగి రా" అనకుండా పంపరు. సముద్రం మీదికి పోయినవాళ్లు తిరిగి రావాలి కదా.

ఆ రోజు దీపాలు పెట్టే వేళకు, ఆఖరున ఫ్రెంచి నావికుల సమాధుల తోట చూపించి అందరినీ పంపేసింది. పొద్దుటినుంచి నడిచిన కాళ్లు పీకుతున్నాయి. కాపలాదారు బాషా గేటుకు తాళం వేస్తుంటే, అలసటలో అలవాటు కొద్దీ అనేసింది.

"ఎల్లొత్తాను."

"మంచిదమ్మా, బేగి రా," అంది ఒక మగగొంతు, అచ్చం వాళ్లింట్లో అన్నట్టే.

బాషానే అనుకుని నవ్వింది. కానీ బాషా నోటి నిండా కిళ్లీ ఉంది. గబుక్కున ఉమ్మేసి, "సమాధుల కాడ ఆ మాటంటారేటి బేటీ! రానని సెప్పీ," అన్నాడు.

"రేపు బడిపిల్లల్ని తేవాల బాబాయ్. రానంటే ఈ పనుంటాదేటి?"

లోపల ఎవరూ లేరు. అయినా చీపురు చప్పుడు మొదలైంది. చుట్టాలొస్తున్నారని వాకిలి ఊడ్చినట్టు, నిదానంగా గేటు దాకా వచ్చి ఆగింది.

గుర్తుంచుకో తల్లీ, నీ పిల్లలకూ చెప్పు. పోయినవాళ్ల దగ్గర సెలవు తీసుకోకూడదు. మాట్లాడకుండా వచ్చేయాలి.