ఆది ఎవరిది?

“బిళ్ళ పెడతాం” అన్నాడు డాక్టరు.

టైలరమ్మ బుద్ధిగా నోరు తెరిచింది.

“నోట్లో కాదమ్మా, కంటికి.”

పక్కనున్న చెల్లెలు కిసుక్కున నవ్వింది.

టైలరమ్మకి నవ్వు రాలేదు. ఆవిడకి చూపున్న కన్ను అదొక్కటే మరి. రెండోది చిన్నప్పుడే జ్వరం తినేసింది. దానికి వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియదు.

ఇప్పుడు ఈ మంచి కంట్లో గడ్డ లేచింది. అదీ ఎక్కడా చోటు లేనట్టు చూపు నరాన్ని ఆనుకుని.

“గుండీ అంత బంగారు బిళ్ళమ్మా. లోపలివైపు రేడియేషన్ గింజలుంటాయి. కనుగుడ్డు వెనక, గడ్డ ఉన్నచోట పెట్టి కుట్టేస్తాం. గడ్డని మాడ్చాక తీసేస్తాం.”

“చూపో?”

“నిలుస్తుందనే అనుకుంటున్నాం. నరం పక్కన కదా, మాటివ్వలేను.”

“కుట్టు గట్టిగా వెయ్యండి బాబూ. వదులైతే నాకు తెలిసిపోతుంది.”

బిళ్ళ పెట్టారు. కంటికి కట్టు కట్టారు.

విడిగా ఒక గది ఇచ్చారు. రేడియేషన్ కదా, ఎవరూ మంచం దాకా రాకూడదు. గుమ్మం అవతల నిలబడి నాలుగు ముక్కలు మాట్లాడి పోవలసిందే.

మర్నాడు గుమ్మం దగ్గర చక్రాలు కిర్రుమన్నాయి.

“టీ వద్దు నాయనా” అంది టైలరమ్మ.

“నేను టీ అమ్మనమ్మా” అంది ఒక మగగొంతు. “కంట్లో ఇసక పోసినట్టుందా?”

“ఉంది. నీకెలా తెలుసు?”

“ఊరికే అడిగాను. కునుకు పట్టిందా?”

“పట్టింది గానీ, నువ్వెవరు?”

“పై వార్డులో ఉంటాను.”

అంతే, చక్రాలు వెళ్ళిపోయాయి.

రోజూ అదే వరస. వెలుగు మెరిసినట్టుందా, తల దిమ్ముగా ఉందా, ఆకలేస్తోందా. తన సంగతి అడిగితే మాత్రం మాట దాటేసేవాడు.

“ఎవరే ఆ మనిషి?” అని చెల్లెల్ని అడిగింది టైలరమ్మ.

“సెలైను కడ్డీ తోసుకుంటూ వస్తాడక్కా. నల్లకళ్ళజోడు. గాలేస్తే పడిపోయేలా ఉన్నాడు. నీ కన్ను మీద కన్నేశాడు.”

“కన్నేస్తే వేశాడు గానీ, దిష్టి పెట్టకుండా ఉంటే చాలు.”

నవ్వులాటకి అంది గానీ, బిళ్ళ తీసే రోజు దగ్గరపడేకొద్దీ టైలరమ్మకి లోపల దడ మొదలైంది. కట్టు కిందా చీకటే. కట్టు విప్పాకా చీకటే అయితే? సూదిలో దారం ఎక్కించేదెవరు? తనకింత అన్నం ఎక్కడిది?

సరిగ్గా అప్పుడే చక్రాలు కిర్రుమన్నాయి.

“కట్టు విప్పాక, కనబడిందో లేదో నాకొక్క మాట చెప్తారామ్మా?”

“కనబడకపోతే ఏం చేస్తావయ్యా? అందరికీ చాటుతావా?” అని కసిరింది టైలరమ్మ. “ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికి ఎవడో. నువ్వింక ఈ గుమ్మంలోకి రాకు.”



“మీకు కనబడుతుందమ్మా” అన్నాడు.

చక్రాలు వెనక్కి మళ్ళాయి. మళ్ళీ రాలేదు.

బిళ్ళ తీసేశారు. తర్వాత కట్టు విప్పారు.

ముందు అంతా నీళ్ళలోంచి చూసినట్టుంది. మెల్లగా తెల్లచొక్కా ఒకటి తేలింది.

“డాక్టరుగారూ, రెండో గుండీ మూడో కాజాలో పెట్టారు.”

డాక్టరు తన చొక్కా చూసుకున్నాడు. చెల్లెలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“ఆ పై వార్డు బాబుని పిలవండి. తిట్టి పంపేశాను పాపం. కనబడిందని నేనే చెప్తాను.”

“నిన్న సాయంత్రం పోయారమ్మా. జబ్బు కాలేయానికి పాకింది.”

టైలరమ్మ గుమ్మం వైపు చూసింది.

“నాకు కనబడితే ఆయనకేమిటో. అంతలా ఎందుకడిగాడంటారు?”

డాక్టరు లోపలికి వెళ్ళి, గింజలు తీసేసిన బిళ్ళ తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

టైలరమ్మ దాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుంది. గుండ్రటి అంచులో ఒకచోట, జాకెట్టుకి మెడ తీసినట్టు లోపలికి కత్తిరించి ఉంది.

“ఈ మెడ దేనికి?”

“నరానికి చోటు. నిండు గుండ్రమైతే నరం అడ్డొచ్చి, గడ్డ మీద సరిగ్గా ఆనదు. ఇలా కత్తిరించింది మా ఆస్పత్రిలో మొదట మీకే పెట్టాం.”

ఆవిడ ఆ వంపు మీద వేలితో రాసి చూసింది.

“మొదటి కత్తిరింపే ఇంత సరిగ్గా కుదరదు బాబూ. కొలతకి పాత జాకెట్టులా ఆది ఒకటి ఉండాలి. ఎవరిది?”



“ఆయనదేనమ్మా. ఆయనకీ గడ్డ నరం పక్కనే లేచింది. గుండ్రటి బిళ్ళతో గడ్డ ఆగక కన్ను తీసేయాల్సి వచ్చినప్పుడు, దాన్ని పారేయకండి, నా వెనకొచ్చేవాళ్ళకి కొలత తీసుకోండి అన్నది ఆయనే.”